కుడి చివరన మొదలైన పాట

వాటర్‌ఫోర్డ్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న ఐరిష్ పెద్దావిడ, ఇయర్‌ఫోన్లలో ఒక జపాన్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ వింటూ, దానితో వచ్చిన పాటల పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. కొత్త కోడలిది జపానట. ఆదివారం విందులో ఆ అమ్మాయికి ఇష్టమైన పాట ఈవిడ పాడాలనుకున్నారు.

"చలికాలమంతా కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. వినేదానితో ఒక్క మాటా కలవడం లేదు," అన్నారు దిగులుగా.

చూడగానే నాకు అర్థమైంది. "ఈ నిలువు వరుసలు కుడి చివర నుంచి చదవాలండీ," అన్నాను.

వేలు కుడివైపుకి జరిగింది. కాసేపటికి ఆవిడ పాటతో గొంతు కలిపారు.

"గ్రాండ్. జపాన్‌లో ఉండొచ్చావా?"

"లేదండీ. ఖమ్మం లైబ్రరీలో చదివాను."

"సరే, ఇక నీ పాట. మా దగ్గర ఒకరు పాడితే పక్కవాళ్ళూ పాడాలి."

ఐర్లాండ్ గురించి నాలుగు పుస్తకాలు చదివి వచ్చాను. ఈ సంగతి ఒక్కదానిలోనూ లేదు. నాకు మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా వచ్చేది పదమూడో ఎక్కమే. బడిలో లాగే రాగం తీసి పాడాను.

"బాగుంది. దేని గురించి?"

"పదమూడు గురించి," అన్నాను ధీమాగా.