పిట్ట బరువు తగ్గించబోయి

మొన్న శనివారం చిలకలగూడల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా. చాయ్ అయిపోయేదాకా ఎవ్వరు నవ్వొద్దు. నవ్వితే ఈ ఉస్మానియా బిస్కెట్లన్నీ నేనొక్కణ్నే తింటా, ముందే చెప్తున్న.

నాకొక పిచ్చి ఉన్నది గదా, పాత కంప్యూటర్ల కోసం లైనక్స్ తయారు చేసుడు. విండోస్ లెక్కనే ఉంటది, కానీ ఫ్రీ. మేం ఐదారుగురం ఎవరిండ్లల్ల వాళ్లం కూసొని, ఖాళీ దొరికినప్పుడల్లా కట్టుకుంటున్నం. జీతం లేదు, బాస్ లేడు. దాని పేరు పిట్ట. చిన్నగ ఉండాలె, తేలికగ ఉండాలె, మూలకు పడేసిన కంప్యూటర్ సుత లేచి నడవాలె. అన్నిటికంటే ముఖ్యం, స్క్రీన్ మీద మొత్తం తెలుగే ఉండాలె.

ఆ తెలుగు రాసింది ఎస్తేర్ టీచర్. మల్కాజ్‌గిరిల మా పక్కిల్లే. చిలకలగూడల ఒక చిన్న బడిల ఎన్నో ఏండ్లు తెలుగు చెప్పి రిటైర్ అయిన్రు. సొంతూరు భీమవరం దిక్కు, ఆ మాట ఇంకా పోలే. ఎనిమిది నెలలు కూసొని, రూళ్ల నోట్‌బుక్కుల మెనూల ఎట్ల వస్తదో ఆ వరసలనే ప్రతి మాట పెన్నుతోని రాసిచ్చిన్రు. నేను టైప్ కొట్టిన. మాట మాటకు పంచాయితే!

"టీచర్, డిలీట్‌కు 'తొలగించు' అని పెట్టిన."

"అదేవిటి బాబూ, అంత పెడసరంగా? కంప్యూటరైనా సరే, మర్యాదగా చెప్పు. 'తీసేయండి' అని పెట్టు."

డిలీట్ కొడితే "నిజంగా తీసేయమంటారా?" అని అడుగుతది. కింద రెండు బటన్లు. 'అవును', 'లేదు' అని పెట్టిన నేను. టీచర్ ఊకోలే. "లేదేవిటి, లేదు? ఒద్దనేటప్పుడు 'వద్దు' అనాలి." సరే, వద్దు అనే పెట్టినం.

టీచర్ పని చేసిన బడిల తొమ్మిది పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నయి. హెడ్ మేడం వాటిని తుక్కు కింద అమ్మేద్దామనుకున్నది. ఆమె ఒకప్పుడు మా టీచర్ దగ్గర చదువుకున్న పిల్లనే. టీచర్ పోయి, "ఒక్క వారం ఆగమ్మా, మావాళ్ళు బాగుచేస్తారు, నాదీ పూచీ" అని మాటిచ్చి వచ్చిన్రు. మేడం సుత ఒక మాట చెప్పింది. శనివారం పన్నెండుకు తుక్కాయన వస్తడు, ఆలోపల నడిస్తే ఉంచుకుంటం, నడవకపోతే బండెక్కిస్తం. అంటే టీచర్ మాట, టీచర్ రాత, రెండూ నా చేతిల ఉన్నయి.

నా చేతికేమో దురద!

శుక్రవారం పొద్దుగూకంగ చూస్తే పిట్ట బరువు మూడొందల పన్నెండు ఎంబీ. నేనేమో గ్రూపుల అందరి ముంగట, "మూడొందల లోపల చెయ్యకపోతే నా పేరు శ్రీకాంతే కాదు" అని కోతలు కోసి ఉన్న. ఫర్జానా మెసేజ్ పెట్టింది. తిరుమలగిరిల ఉంటది, మేం చేసినవన్నీ చివరికి ఒక్క దగ్గర కలిపేది ఆమెనే. "భాయ్, ఇగ ముట్టుకోకు. రేపు బడి ఉన్నది." నేను వింటనా? లిస్ట్ తెరిచి కోసుడు షురూ చేసిన. ప్రింట్, వీళ్లకెందుకు? తీసెయ్. వైఫై, పాత డబ్బాలకు వైఫై ఏంది? తీసెయ్. ఇంగ్లీష్ మెనూలు, మనది తెలుగు గదా, ఆత్మగౌరవం! తీసెయ్. కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్, పిల్లలు గెలుకుతరు, తీసెయ్. ఆఖరికి 'అదనపు ఫాంట్లు' అని ఒక మూట కనబడ్డది. చైనా అక్షరాలు, అరబ్బీ అక్షరాలు, ఏందేందో. చిలకలగూడల చైనా భాష ఎవరు చదువుతరు? తీసెయ్!

రెండొందల తొంభై ఎనిమిది! కుర్చీలకెళ్లి లేచి నా భుజం నేనే తట్టుకున్న. ఒక్కసారి ఆన్ చేసి చూసిన, పిట్ట బొమ్మ వచ్చింది, బస్, బంద్ చేసిన. షటర్ లేస్తుందా లేదా అని చూసుకున్న గానీ, దుకాణంల సామాను ఉందా లేదా చూడలే. తొమ్మిది పెన్ డ్రైవులల్ల ఎక్కించుకొని హాయిగ పండుకున్న.

శనివారం పదకొండుకు బడికి పోయినం. నేను లాప్‌టాప్ సుత తీస్కపోలే. ఎందుకు, పిట్ట ఉండంగ? టీచర్ ఇస్త్రీ చీర కట్టుకొని, సంచిల నోట్‌బుక్ పెట్టుకొని వచ్చిన్రు. పోయిన నెలనే కంటి ఆపరేషన్ అయింది ఆమెకు. మొదటి కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్ పెట్టి ఆన్ చేసిన. పిట్ట బొమ్మ వచ్చింది. మేడం చప్పట్లు కొట్టింది. టీచర్ మొఖం వెలిగిపోయింది.

తర్వాత మెనూ వచ్చింది.

డబ్బాలు! పైన డబ్బాలు, కింద డబ్బాలు, ఎటు చూసినా చిన్న చిన్న చదరాలు. ఒక్క అక్షరం లేదు.

టీచర్ అద్దాలు తీసిన్రు. కొంగుతోని తుడిచిన్రు. మళ్లీ పెట్టుకున్నరు. మెల్లగ నా దిక్కు వంగి, "బాబూ... నా కన్ను మళ్ళీ పోయిందా?" అన్నరు.

నా పానం పోయింది. "మీ కన్ను మంచిగనే ఉన్నది టీచర్, నా బుర్రనే పోయింది" అన్న. ఇంకో పెన్ డ్రైవ్ పెట్టిన, డబ్బాలే. ఇంకో కంప్యూటర్ ఆన్ చేసిన, డబ్బాలే. తెలుగు అక్షరాలు సుత ఆ 'అదనపు' మూటలనే ఉన్నయని అప్పుడు ఎలిగింది నాకు.

"ఇది ఏ భాషండీ?" అన్నది మేడం.

"ఒక్క నిమిషం మేడం, చిన్న సెట్టింగ్" అన్న. నెట్‌ల నుంచి ఫాంట్ తెచ్చుకుందామంటే వైఫై లేదు. ఎవరు తీసేసిన్రు? నేనే. ఇంగ్లీష్‌కు మార్చి పని చేద్దామంటే ఇంగ్లీష్ లేదు. ఎవరు తీసేసిన్రు? నేనే. నల్ల స్క్రీన్ తెరుద్దామంటే అదీ లేదు. ఎవరో మీకు తెల్సు.

ఫర్జానాకు ఫోన్ కొట్టిన.

"ముట్టుకున్నవ్ కదా?" అన్నది. హలో గిట్ల ఏం లేదు!

"జెరంత..."

"యా అల్లా! తెలుగు కంప్యూటర్‌లకెళ్లి తెలుగు తీసేసినోణ్ని నిన్నే చూస్తున్న! ఫాంట్ పంపుతున్న, అక్కడ ఏదన్న మంచి కంప్యూటర్ దొరికితే దాంట్లకెళ్లి పెన్ డ్రైవ్‌ల ఎక్కించుకో. ఆపై మెనూల పోయి 'ఫాంట్ చేర్చండి' కొట్టు."

మేడం పాపం ఆఫీస్ కంప్యూటర్ తెరిచిచ్చింది. ఫాంట్ పెన్ డ్రైవ్‌లకు వచ్చింది. అంత అయ్యేసరికి పదకొండున్నర దాటింది. గేట్ల ట్రాలీ ఆటో ఆగింది. తుక్కాయన తాడు భుజాన ఏసుకొని లోపలికి వచ్చి, "ఇవేనా మేడం?" అనుకుంట మూలకున్న మానిటర్‌ను ఎత్తనే ఎత్తిండు.

"ఆగు భాయ్, ఇంకా టైం ఉన్నది!" అన్న. ఆయన మానిటర్‌ను చంకల పెట్టుకొనే నిలబడ్డడు, దించలే.

పెన్ డ్రైవ్ పెట్టిన. ఇప్పుడు 'ఫాంట్ చేర్చండి' కొట్టాలె. ఏది? మెనూ తెరిస్తే ఏడెనిమిది వరసలు, అన్నీ డబ్బాలే! మేడం గోడ గడియారం చూస్తున్నది.

అప్పుడు నా వెనక సంచి జిప్పు చప్పుడైంది. టీచర్ నోట్‌బుక్ తీసిన్రు.

"మొదటి తెరలో అన్నిటికంటే పైది నొక్కు. అది 'దస్త్రాలు'."

నొక్కిన. దస్త్రాలే తెరుచుకున్నయి! అవును మరి, ఆమె రాసింది వరస ప్రకారమే కదా. నా దగ్గర లేని కండ్లు ఆ నోట్‌బుక్కుల ఉన్నయి.

"ఎడమవైపు అడుగున ఉన్నది పెన్ డ్రైవు. ఆఁ. ఇప్పుడా ఫైలు మీద కుడి బటను నొక్కు. పంతొమ్మిదో పేజీ... ఒకటి 'తెరవండి', రెండు 'ముద్రించండి', మూడు 'నకలు తీయండి', నాలుగు 'పేరు మార్చండి', ఐదు 'ఫాంట్ చేర్చండి'. ఐదోది నొక్కు నాన్నా."

ఐదోది నొక్కిన.

ఒక చిన్న కిటికీ లేచింది. మీద డబ్బాల వరస, చివరన ప్రశ్న గుర్తు. కింద రెండు బటన్లు.

ఆ ప్రశ్న గుర్తును నేను గుర్తుపట్టిన. నిజంగా తీసేయమంటారా?

"టీచర్, ఇది డిలీట్! ఉన్న ఒక్క ఫాంట్‌ను తీసెయ్యాల్నా అని అడుగుతున్నది! ఏ బటన్? ఏది వద్దు?"

"కుడివైపుది! నేను పట్టుబట్టి పెట్టించిన 'వద్దు' అదే! నొక్కవయ్యా!"

కండ్లు మూసుకొని కుడిది నొక్కిన. కిటికీ పోయింది. ఫైల్ అక్కడనే ఉన్నది. అందరం ఒక్కసారే ఊపిరి పీల్చినం, తుక్కాయనతోని సహా.

"ఐదోదే కదా చెప్పాను" అని టీచర్ పేజీ మీద వేలు పెట్టి మళ్లీ లెక్కబెడుతున్నరు పాపం, తప్పు తనదేమోనని.

ఇగ ఒప్పుకోక తప్పలే. "మీ లెక్క కరెక్టే టీచర్. రెండోది 'ముద్రించండి' కదా... ప్రింట్ నిన్న తీసేసిన. వరస ఒకటి పైకి జరిగింది, ఆరోదైన 'తీసేయండి' ఐదోది అయింది."

టీచర్ అద్దాల మీదికెళ్లి నన్ను చూసిన్రు. చిన్నప్పుడు హోంవర్క్ చెయ్యనప్పుడు సుత నన్నెవ్వరు అట్ల చూడలే. "ఎవరినైనా ఒక్క మాట అడిగావా?" అన్నరు.

"లేదు టీచర్."

"నాలుగోది నొక్కు."

నొక్కిన. ఒక చిన్న గీత నింపాదిగ నిండింది. నా పానం తోడేసింది ఆ గీత! లాగౌట్ కొట్టి మళ్లీ లాగిన్ అయిన. పిట్ట బొమ్మ. ఒక సెకను. రెండు సెకన్లు.

'దస్త్రాలు.' 'బొమ్మలు.' 'ఆటలు.' 'ఇక చాలు, ఆపేయండి.'

తెలుగు! మా టీచర్ తెలుగు! ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టి, పసిపిల్ల లెక్క, ఒక్కోటి గట్టిగ చదువుకున్నరు. మేడం వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది. పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలున్నది. తుక్కాయన చంకల మానిటర్ దించి, "ఇంత తక్లీఫ్ పడి బతికిచ్చుకున్నరు, ఉంచుకోండ్రి" అని, విరిగిన రెండు కుర్చీలేసుకొని పోయిండు. మిగిలిన ఎనిమిదింటిని ఒక్కొక్కటే, "నాలుగోది, నాలుగోది" అనుకుంట లేపినం.

నన్ను తిట్టలే టీచర్. అదే నాకు భయం.

ఫర్జానా రెండ్రోజులల్ల అన్నీ వెనక్కి పెట్టి, జాగ్రత్తకు ఇంకిన్ని ఫాంట్లు సుత కలిపి, కొత్త పిట్టను విడుదల చేసింది. మూడొందల నలభై, బొద్దు పిట్ట! అందులో టీచర్ అడిగి మార్పిచ్చిన వాక్యం ఒక్కటే ఒక్కటంట. ఏ వాక్యమో నాకు చెప్పలే, నేను అడగలే. నిన్న నా కంప్యూటర్ల కొత్త పిట్టను ఎక్కించి, ఎందుకూ పనికిరాని పాత ఫైల్ ఒకటి డిలీట్ కొట్టిన. కిటికీ లేచింది.

'తీసేసే ముందు ఎవరినైనా అడిగారా?'

కింద రెండు బటన్లు. 'అడిగాను.' 'అడగలేదు.'

అబద్ధమాడదామంటే చెయ్యి రాలే. 'అడగలేదు' కొట్టిన, కిటికీ మూసుకున్నది. ఏం జేస్త? పిట్టగోడ కాడికి పోయి కేకేసిన.

"టీచర్! ఒక పాత ఫైల్ ఉన్నది, తీసెయ్యన్నా?"

"వద్దు బాబూ" అన్నరు లోపల్నుంచి. అది ఏ ఫైలని సుత అడగలే.