పెద్ద సైజు కోటు

ఆ కుట్టు షెడ్డులో చిన్న సైజుకూ మధ్య సైజుకూ గుడ్డ కత్తిరించే కొలత అట్టలు ఉండేవి. పెద్ద సైజుకు మాత్రం లేదు. బల్ల దగ్గర భారీ మనిషి కటింగక్క ఉండగా అట్ట దండగని షెడ్డు నడిపే మేడమ్ ఏనాడో తేల్చేసింది. ఆస్పత్రి వంటవాళ్లకు, ఆయాలకు కోట్లు కుట్టే ప్రతిసారీ కటింగక్క నిలబడేది, మేడమ్ ఆమె చుట్టూ టేపు చుట్టేది. ఆ కొలతతోనే పెద్ద సైజంతా కత్తిరించేవాళ్లు.

దానికి కటింగక్క ఏమీ అనుకోలేదు. ఆమె బెంగంతా మోకాళ్ల గురించే. బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, కటింగ్ మిషను పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. సాయంత్రానికి మోకాళ్లు వాచిపోయేవి. అది మేడమ్ కంట పడనే పడింది.

"కాళ్లు నిలవకపోతే గుండీల దగ్గర కూర్చో. బల్ల ఇంకొకరికిస్తా" అంది.

గుండీలు కుట్టడం కూడా ఒక పనేనా అని ఇన్నేళ్లూ మూతి విరిచిన మనిషి కటింగక్క. ఆ స్టూలు మీద తను కూర్చోవడమా?

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "మూడు పూటలా తిను. అన్నం తగ్గించి కూర పెంచు. చదునుగా ఉన్న చోట రోజూ కాస్త నడువు. ఒళ్లు మెల్లగా తగ్గాలి, ఏడాది పట్టినా సరే" అని చెప్పిందామె. మేడమ్ ఏడాది ఆగే రకం కాదు. కటింగక్క ఉసూరుమంటూ ఇంటికొచ్చింది.

ఇంట్లో తోడికోడలు ఉంది. ఆ పిల్లంటే కటింగక్కకు మొదటి నుంచీ చులకనే. ఫోనులో ఎవడేం వాగినా కళ్లకద్దుకునే రకం. ఒక నెల దోసకాయ రసం, ఒక నెల క్యాబేజీ ఉడికించిన నీళ్లు, ఇంకో నెల నిమ్మకాయ తప్ప అన్నీ పాపమే.

"ఈ రసం తాగు అక్కా. పదిరోజుల్లో మీ మేడమ్ నిన్ను గుర్తుపట్టదు."

"రెండేళ్లుగా తాగుతున్నావు. నిన్ను మేం బాగానే గుర్తుపడుతున్నాం కదే."

"నాది వట్టి గాలి ఒళ్లు అక్కా. నీరూ గాలీ అంతే."

"ఆ గాలికి బిస్కెట్ల వాసనొస్తోంది."

తోడికోడలు మూతి తుడుచుకుంది.

ఇన్ని మాటలన్న కటింగక్క, మర్నాడు పొద్దున్నే ఆ రసమే గ్లాసులో పోసుకుంది. ముక్కు మూసుకుని, తోడికోడల్ని మనసులో తిట్టుకుంటూ గటగటా తాగింది. అన్నం మానేసింది. తల తిరిగినా, పలకరించినవాళ్లను కసిరినా, రాత్రి నిద్ర పట్టకపోయినా మానలేదు. రవికె వదులైంది. షెడ్డులో ఆడవాళ్లంతా చుట్టూ మూగి, ఆ రసం ఏమిటో చెప్పమని బతిమాలారు. కటింగక్క చెప్పకుండా బిగుసుకు కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఆస్పత్రి కోట్ల పని వచ్చింది. మేడమ్ చుట్టిన టేపు వదులుగా జారింది.

"పాత కొలతే వేద్దామా?" అంది మేడమ్.

"ఎందుకండీ. నేనిప్పుడు ఇంతే" అంది కటింగక్క. నలుగురూ వినాలని కాస్త గట్టిగానే అంది.

గుడ్డంతా ఆ కొలతకే తెగింది. కోట్లు వెళ్లాయి. ఆ వారంలోనే ఒకనాడు కటింగక్క పొయ్యి పక్కనే నిలబడి, కంచం కూడా పెట్టుకోకుండా గిన్నెడన్నం తినేసింది. ఆ తర్వాత ఆగలేదు. పోయిన ఒళ్లంతా చుట్టాన్ని కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

కోట్లూ తిరిగొచ్చాయి. లావుపాటి వంటమనుషుల్లో ఒక్కరికీ గుండీ పడలేదట. మేడమ్ కేకలేయలేదు. ఒక కోటు తీసి కటింగక్క చేతికిచ్చి "వేసుకో" అంది. గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం. స్టూలు మీద గుండీలు కుట్టే పిల్ల కిసుక్కుమంది.

"నువ్వు ఇంతేనన్నావు, నమ్మాను" అంది మేడమ్. ఆ పూటే పెద్ద సైజుకు అట్ట కోయించింది. బల్ల ఇంకో అమ్మాయికిచ్చి, కోట్లన్నీ వెడల్పయ్యేలా పక్కల పట్టీలు వేయమని కటింగక్కను స్టూలు మీద కూర్చోబెట్టింది.

కుట్లు విప్పుతుంటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ వెర్రి తోడికోడలు ఫోనును నమ్మింది. అది వెర్రిదని తెలిసీ దాన్ని నమ్మిన తనను ఏమనాలి?

మళ్లీ డాక్టరమ్మ మాటే పట్టుకుంది. డబ్బాలో సగం కూర, ఒక గుడ్డు, కాస్త అన్నం. బస్సు ఒక స్టాపు ముందే దిగి నడక. నొప్పి పుడితే అరుగు మీద కూర్చుని మళ్లీ నడక. నెలలు గడిచినా ఈసారి ఎవరూ చుట్టూ మూగలేదు. తోడికోడలొక్కతే కనిపెట్టింది.

"ఏం తాగుతున్నావక్కా?"

"ఏమీ లేదు. మూడు పూటలా తింటున్నా, నడుస్తున్నా."

"చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్, అబద్ధాలెందుకు?" అని తోడికోడలు విసురుగా లోపలికెళ్లి గుమ్మడి గింజలు నానబెట్టుకుంది.

ఒకరోజు కటింగక్క గోడ పట్టుకోకుండా స్టూలు మీద నుంచి లేవడం మేడమ్ చూసింది.

"రేపట్నుంచి బల్ల దగ్గరికి రా. రోజంతా నిలబడగలవా?"

మునుపైతే నిలబడతాననేదే. కటింగక్క మోకాలు తడుముకుంది.

"పొద్దుటి పూటే నిలబడగలనండీ. మధ్యాహ్నం గుండీలు కుడతాను."

"సరే" అంది మేడమ్.

గుండీల పిల్ల తన స్టూలు కాస్త పక్కకు జరుపుకుని, మధ్యాహ్నానికి ఆమెకు చోటిచ్చింది.