భుజం మీది చెయ్యి

మా అక్క నవ్వు లేని ఫోను మా ఊళ్ళో లేదు. కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి, పడీ పడీ నవ్వే ఇస్త్రీ మనిషి బొమ్మ. కింద ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు. ‘పరీక్ష వాయిదా పడిందని తెలిసినప్పుడు’, ‘పక్కింటివాళ్ళ బండి కూడా స్టార్టవ్వనప్పుడు’. నేను ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాను. బాగైన ఫోను ఆన్ చేస్తే అక్కే ఎదురొస్తుంది. మొదట్లో గర్వంగా ఉండేది. ఇప్పుడు చూడకుండా వేలితో పక్కకి తోసేస్తాను.

బావ పోయాక అక్క లాండ్రీలో చేరింది. ఆ ఆవిరిలోనే కూతుర్ని పెంచింది. షర్టు కాలరు చూసి ఆ మనిషి పెళ్ళానికి ఎంత లోకువో చెప్పేసేది. పిల్ల కూడా పెద్దయ్యాక అక్కడే పనికి కుదిరింది. దుప్పటి మడతకి ఇద్దరుండాలి, చెరో కొస పట్టుకుని లాగాలి. మా మేనకోడలు ఊరికే లాగే రకం కాదు. గట్టిగా లాగి హఠాత్తుగా వదిలేసేది. ఆ రోజు అక్క వెళ్ళి మూటల మీద వెల్లకిలా పడి, ఒకటే నవ్వు. పిల్ల లేపడానికొచ్చి భుజం మీద చెయ్యేసింది. బట్టల కోసం నిలబడ్డ ఎవరో ఫొటో తీశారు. జనంలో తిరిగిన ముక్కలో అక్క మొహమూ, భుజం మీద ఒక చెయ్యీ మాత్రం మిగిలాయి. బొటనవేలి కింద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కూడా కనిపిస్తుంది.

మరుసటి ఏడాది పిల్ల రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది. అక్క నవ్వడం మానేసింది. బొమ్మ మాత్రం మానలేదు.

ఇంతలో ఇంటర్నెట్లో, ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో, ఆ బొమ్మ మీద ఎవరో వ్యాసం పెట్టారు. ఉంచాలా తీసెయ్యాలా అని అక్కడ తగువు మొదలైంది. “నాలుగు రోజులు నవ్వుకున్న బొమ్మకి వ్యాసమా? రేపు ఆవలింతలకీ రాస్తారా?” అని ఒకడు. “లక్షలమంది పంచుకున్నారు, అది చరిత్ర కాదా?” అని ఇంకొకడు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసని తిట్టుకుని ఊరుకున్నాను.

అక్క ఊరుకోలేదు. “ఉంటే ఉండనీ, పోతే పోనీ. ఉంటే మాత్రం ఆ చెయ్యి నా కూతురిదని రాయాలిరా. నవ్వు నాదే గానీ, నవ్వించింది అది” అంది.

రాశాను. టీ చల్లారేలోపే తీసేశారు. ఆధారం చూపించాలట.

“ఆ పిల్లకి మేనమామనండీ” అని తీసేసినతనికి రాశాను.

“దగ్గరి బంధువులు రాయకూడదండీ.”

“కన్నతల్లే చెబుతోంది.”

“మీ బాధ అర్థమైంది. కానీ ఎక్కడైనా అచ్చయి ఉండాలి. నా చేతుల్లో లేదండీ.”

మంచివాడే పాపం. అందుకే తిట్టడానికి కూడా నోరు రాలేదు.

పాత పేపర్లన్నీ తిరగేశాను. అక్క నవ్వు గురించి బోలెడు రాశారు. పిల్ల గురించి దొరికింది ఒక్కటే, ఓ మూల: ‘లారీ ఢీకొని గుర్తు తెలియని యువతి మృతి.’ ఎవరో తెలిశాక మళ్ళీ ఎవరూ వెయ్యలేదు.

చివరికి వ్యాసం ఉంచాలని తేల్చారు. కొట్లో అందరూ నాతో చెయ్యి కలిపారు. చెబుదామని లాండ్రీకి వెళ్ళాను. అక్క దుప్పటి కొసని మేకుకి తగిలించి ఒక్కతే మడతపెడుతోంది.

“చదువు” అంది.

బొమ్మ కింద ఉన్నది చదివాను. ‘భుజం మీది చెయ్యి గుర్తు తెలియని వ్యక్తిది.’

అక్క చేతిలోని దుప్పటి జారిపోయింది.

“ఆస్పత్రిలో చీటీ మీద కూడా అదే రాశార్రా. మొహం చూడొద్దమ్మా అన్నారు. దుప్పటి పక్కకి జరిపి చెయ్యి చూపించారు. మచ్చ చూసి, నా కూతురే అన్నాను. ఒక్కళ్ళు కూడా ఆధారం అడగలేదు. సంతకం పెట్టించుకుని పిల్లని ఇచ్చేశారు. అక్కడ సరిపోయిన నా మాట, ఇక్కడెందుకు సరిపోదురా?”