ఆ తాళాలు ఎవరెవరి చేతుల్లో పెట్టారు

మొదటిసారి పడిపోయింది కుక్కర్ కూతకి. ఆదివారం ఉదయం, చర్చికి వెళ్ళే ముందు, పప్పు పెట్టి పక్కనే నిలబడ్డాను. రెండో కూత విన్నాను, మూడోది వినలేదు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. కుడిచేతిలో ఇనప తాళాల గుత్తి, తల దగ్గర మా సారమ్మ అత్త.

"తాళాలు ఎట్టీసరికి కళ్ళిప్పీసింది! సూసినావా?" అంటోంది అత్త నా కూతురు లిల్లీతో.

వంట తప్పించుకోవడానికి మంచి సాకు దొరికిందని నవ్వాను. లిల్లీ నవ్వలేదు.

సారమ్మ అత్త మా నాన్నకి అక్క, మాతోనే వాట్‌గంజ్‌లో ఉంటుంది. తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌కి, ఓడరేవులో డాక్ పనికి వచ్చాడు. ఆయన పనిచేసిన గోడౌన్ పడగొట్టేశారు, తాళాలు మాత్రం మా ఇంట్లో మిగిలాయి. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మావాళ్ళ నమ్మకం. నోటితో ప్రార్థన, చేతిలో తాళాలు. రెండు వైపులా జాగ్రత్త.

రెండోసారి బడిలో. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న బడిలో టీచర్‌ని నేను. పిల్లల హాజరు పిలుస్తుండగా గంట మోగింది, నేనే గైర్హాజరయ్యాను. న్యూరాలజిస్ట్ మెదడు పరీక్ష, ఈఈజీ తీయించారు. "రిపోర్ట్ నార్మలే. కానీ మీరు చెప్పేది ఫిట్స్ లాగే ఉంది" అని మాత్రలు రాశారు. ఎనిమిది నెలలు మింగాను. పడటం తగ్గలేదు, పొద్దున్నే లేవటం మాత్రం తగ్గింది.

తర్వాత ఒక వారం వాంతులు, విరేచనాలు. మందుల షాపు దాదా ఇచ్చిన వాంతుల మాత్ర, యాంటీబయాటిక్ వేసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి ఎమర్జెన్సీలో ఉన్నాను. "టోర్సాడ్స్! మెగ్నీషియం, జల్దీ!" అని ఎవరో అరవడం వరకే గుర్తుంది. తెలివి వచ్చాక ఛాతీ మీద షాక్ ఇచ్చిన చోట చర్మం మండుతోంది.

కార్డియాలజిస్ట్ ఒక బెంగాలీ ఆవిడ. ఈసీజీ కాగితం మీద పెన్ను పెట్టి చూపించారు. "ఇది ఫిట్స్ కాదు దీదీ. లాంగ్ క్యూటీ సిండ్రోమ్. ఒక్కో దెబ్బ తర్వాత మళ్ళీ సిద్ధం కావడానికి మీ గుండె ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సందులో పెద్ద చప్పుడు వినబడి ఉలిక్కిపడితే రిథమ్ చెడిపోవచ్చు, టోర్సాడ్స్ అంటే అదే. మీరు వేసుకున్న వాంతుల మాత్ర, యాంటీబయాటిక్ రెండూ ఆ సందుని ఇంకా పెంచాయి."

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. జీవితంలో నన్ను లాంగ్ అన్నదీ, క్యూటీ అన్నదీ ఆ ఈసీజీ ఒక్కటే. ఆ మాట పైకి అనబోతుంటే ఆవిడ అన్నారు: "ఇది జీన్ ద్వారా వస్తుంది. పుట్టే ప్రతి బిడ్డకీ ఫిఫ్టీ-ఫిఫ్టీ."

లిల్లీకి పదమూడేళ్ళు. పోయిన ఏడాది స్కూల్ అసెంబ్లీలో పడిపోయింది. టిఫిన్ తినకుండా వెళ్ళావని తిట్టాను.

ఇద్దరం జెనెటిక్ టెస్ట్‌కి రక్తం ఇచ్చాం. రిపోర్టుకి వారాలు పడతాయన్నారు. లిల్లీ ఈసీజీ బోర్డర్‌లైన్. డాక్టర్ తెల్లకాగితం తీసి మా వంశవృక్షం, ఆడవాళ్ళకి గుండ్రాలూ మగవాళ్ళకి చదరాలూ గీస్తూ అడిగారు. "మీ కుటుంబంలో ఎవరైనా అకస్మాత్తుగా పోయారా? దాన్ని బట్టి పాపకి ఇవాళే మందు మొదలుపెట్టాలా, రిపోర్టు దాకా ఆగాలా చెప్తాను."

నాన్న జెట్టీ మీద జారిపడి పోయాడని తెలుసు. జారిపడటం జబ్బు కాదు కదా. అత్త వైపు చూశాను.

"మనింట్ల గుండెజబ్బు ఎవుల్కీ నేదు. అందరూ రాయినాగ ఉండీవోరు" అంది.

డాక్టర్ సరేనని పెన్ను మూయబోయారు. లిల్లీ మొహం పాలిపోయింది. "అమ్మా, నాకూ ఉందా?" అంది. అత్త గబుక్కున సంచిలోంచి గుత్తి తీసి దాని చేతిలో పెట్టింది.

"ఎటా కీ?" అన్నారు డాక్టర్, బెంగాలీలో ఇదేమిటని.

"కీనే దీదీ, గోడౌన్ కీ" అని అత్త గర్వంగా మొదలుపెట్టింది. "మిల్లు సైరన్‌కి మా యమ్మ పడిపోయీది, ఇదే ఎట్టీవోలం. మా సెల్లి చేతిల ఎట్టినాం, నాలుగుసార్లు నెగిసింది. అయిదోసారి బడ్జ్ బడ్జ్‌ల చెరువు కాడ... నెగనేదు."

నేను బెంగాలీలోకి మారుస్తుంటే కాగితం మీద ఒక గుండ్రం నల్లబడింది, తర్వాత రెండోది. డాక్టర్ తల ఎత్తకుండా అడిగారు. "ఇంకా ఎవరి చేతిలో పెట్టారు?"

అత్త నాకేసి చూడలేదు.

"మీ నాన్న చేతిల... ఎట్టనేదు. మా బుడ్డోడికి, నా కొడుక్కి, జొరం ఫిట్సొస్తే తాళాలు నానే పట్టుకెల్లిపోనాను. ఆ పొద్దే ఓడ కూతకి తమ్ముడు పడిపోనాడు. జారనేదే అమ్మీ. తాళాలు నా కాడుండిపోనాయి."

ముప్పై ఏళ్ళు ఆ మాట ఒక్కతే మోసింది. నాన్న పేరున్న చదరం కూడా నల్లబడింది.

డాక్టర్ పెన్ను పక్కన పెట్టి అత్త వైపు చూశారు. "మాషీమా, వాళ్ళ గుండె దానంతట అదే దారిలో పడిన రోజుల్లో మీకు తాళాలు పనిచేశాయనిపించింది. పడని రోజు ఇవి ఉన్నా చావు ఆగేది కాదు. మీ తప్పేమీ లేదు." నా వైపు తిరిగారు. "పాపకి మందు ఇవాళే."

నాకూ లిల్లీకీ ఒకే జీన్‌లో ఒకే మార్పు ఉందని తర్వాత రిపోర్టు వచ్చింది. అత్తకి లేదు. ఇద్దరం ఆ మందే, బీటా బ్లాకర్, వేసుకుంటున్నాం. నాకు గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే ఐసీడీ కూడా పెట్టారు. కుక్కర్ పక్కింటికి, డోర్‌బెల్ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. లిల్లీకి అలారం లేదు, కాలి బొటనవేలు లాగి అత్తే లేపుతుంది.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. జబ్బు పేరు, ఇవ్వకూడని మందుల పట్టీ, ఈసీజీ కాపీ, పడిపోతే ముందు ఊపిరి చూడాలని, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కుతూ అంబులెన్స్ పిలవాలని, అన్నీ ఒక కార్డు మీద వేయించండి. దాన్ని ఫైల్లో దాచకండి. కంగారులో మీ ఇంటివాళ్ళ చెయ్యి ముందుగా దేని మీదికి వెళ్తుందో, దానికే కట్టండి.

మేం తాళాల గుత్తికి కట్టాం.

పోయిన నెల లిల్లీకి జ్వరం వస్తే, నేను బడిలో ఉండగా అత్తే వీధి చివరి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన యాంటీబయాటిక్ రాస్తుంటే గుత్తి ఠప్పున బల్ల మీద పెట్టిందట. "దాదా, ముందు ఇది సదువు." ఆయన చదివి, రాసింది కొట్టేసి, వేరే మందు రాశాడు.

ఇన్నేళ్ళలో ఆ తాళాలు నిజంగా పనిచేసింది ఆ రోజే.