నేను రాయని ఏడో పేరా

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ముందుగా నవ్వేవాణ్ణి నేనే. ఆత్మకూరు తాలూకా కచేరీ అరుగు మీద అర్జీలు రాసి బతికేవాణ్ణి. చేతబడి చేశారని అర్జీ రాయమంటూ వచ్చినవాళ్ళను, చూసిన సాక్షి ఉన్నాడా అని అడిగి తిప్పి పంపేసేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పబోయేదానికి సాక్షి నా చేతిరాతే. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం కోపం లేదు.

మా అన్న చెంచయ్య ఉదయగిరి కొండ కింద మా సొంత ఊళ్ళో సేద్యం చేసేవాడు. అవి కరువు రోజులు. మనుషులకు గింజ లేదు, గొడ్లకు గడ్డి లేదు. ఆ ఊళ్ళోనే దానియేలు అని ఒక బోధకుడు ఉండేవాడు. కిరస్తానీ మతం పుచ్చుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని వీధి వీధీ తిరిగి చెప్పేవాడు. ఇట్లాంటివాళ్ళు మతం మారబట్టే అమ్మవారు అలిగి వాన ఆపేసిందని కొందరు ఊరిని ఎగదోశారు. వాన కోసం జాతర చేసిన రోజు, మిట్టమధ్యాహ్నం, గుంపుగా తరిమి ఆ మనిషిని కొట్టి చంపారు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. చేసింది మా ఊరివాళ్ళే.

ఐదుగురికి ఉరిశిక్ష పడింది. అందులో మా అన్న ఒకడు.

జాతరకు వారం ముందు మా అన్న దానియేలుతో నడివీధిలో పోట్లాడాడు. అది అందరూ చూశారు. జాతర రోజు గుంపులో చూశామని ఇద్దరు సాక్ష్యం చెప్పారు, కాదు ఇంకోచోట ఉన్నాడని ఒక్కరూ చెప్పలేకపోయారు. అన్నను అడిగితే నోరు విప్పడు. జడ్జీ గారు మాత్రం ఏం చేస్తారు?

జైలుకు వెళ్ళి బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. చివరికి తిట్టాను కూడా. "అది చెప్పేది గాదు లేరా" అన్నాడు, అంతే. ఆ మొండితనం మా నాయన పోలిక.

మద్రాసు హైకోర్టు శిక్ష ఖాయం చేస్తే ఉరే. అప్పీలు అర్జీ నేనే రాశాను. ఆరు పేరాలు వచ్చింది. మావాడు మంచివాడని, సాక్షులు తలో మాట చెప్పారని, ఇట్లాంటివే. నా భార్య చదవమని అడిగి విని, "దీంట్లో ఏముండాది?" అనేసింది. నిజానికి ఏమీ లేదు. చివరి అక్షరం కింద రెండు గీతలు గీయడం నా అలవాటు, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా. అట్లాగే గీశాను. నెల్లూరు జైలుకు తీసుకెళ్ళి, అన్న చేత వేలి నిశానీ పెట్టించి, జైలు అధికారి చేతికిచ్చి వచ్చాను. చదివి వినిపిస్తానంటే అన్న వద్దన్నాడు.

కొన్నాళ్ళకు మద్రాసులో మేము పెట్టుకున్న వకీలు నుంచి ఉత్తరం వచ్చింది. ఏడో పేరా వల్ల జడ్జీలు శిక్ష ఖాయం చేయకుండా ఆపారట, మళ్ళీ విచారణ చేసి సాక్ష్యం పంపమన్నారట. ఇంత గట్టి సంగతి కింది కోర్టులో ఎందుకు దాచారని నన్ను చీవాట్లు పెట్టాడు.

ఏడో పేరా ఏంది? ఇంకెవరి అర్జీయో చూసి ఉంటాడనుకున్నాను. ఇంట్లో ఉన్న చిత్తు తీసి చూశాను. ఆరే.

విచారణకు కాగితాలు నెల్లూరు తిరిగొచ్చాయి. గుమస్తాను అడిగి, నా కళ్ళతో చూశాను. అదే కాగితం, అదే సిరా, నా రాతే. నా రాతను నేను పోల్చుకోలేనా! ఆరో పేరా కింద గీతలు లేవు. ఏడో పేరా కింద ఉన్నాయి. చెరిపిన జాడ కూడా లేదు. గుమస్తా ముందే చెంబెడు నీళ్ళు తాగేశాను.

అందులో ఉన్నది చెప్పాలంటే మా ఊరి వాన మొక్కు సంగతి చెప్పాలి. వాన కోసం జాతర చేస్తే, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఒక మనిషి గుడి తలుపులు మూసుకుని లోపల దీపం కాపాడాలి. లేవకూడదు. ఆ మనిషి ఎవరో పూజారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. వాన పడేదాకా అతను కూడా ఆ సంగతి నోట అనకూడదు. అంటే మొక్కు చెడిపోతుంది. ఆ ఏడు కూర్చున్నది మా అన్నేనని ఏడో పేరాలో ఉంది. పూజారి జాతరైన నెలకే వాంతిభేదితో పోయాడు. ఈ ఆచారం ఊరందరికీ తెలుసు గాని, కచేరీలో అమ్మవారి గుట్టు ఎత్తాలని ఒక్కరికీ తోచలేదు. నాకు తోచిందా? అర్జీలు రాసేవాణ్ణి, నాకే తోచలేదు.

గుంపు తరుముతుంటే దానియేలు ఆ గుడి తలుపు తోశాడనీ, తన పుస్తకం మా అన్న చేతిలో పెట్టాడనీ, తనే తలుపు మూసి వెళ్ళిపోయాడనీ రాసి ఉంది. ఆ పుస్తకం గుడిలో నూనె జాడీ వెనక ఉందని కూడా ఉంది.

పూజారి పోయినప్పటి నుంచి గుడికి తాళమే. విచారణకు వచ్చిన అధికారి ఊరి పెద్దలను పిలిపించి తీయించాడు. జాడీ వెనక పుస్తకం ఉంది. మొదటి పేజీలో దానియేలు పేరు.

అయినా విచారణలో మా అన్న తల దించుకునే నిలబడ్డాడు. పుస్తకం దొరికిందిగా, ఇంకా చెప్పవేంరా మహానుభావా అని నేను పళ్ళు నూరుతున్నాను. అంతలో కోర్టు పెంకుల మీద టపటపా చప్పుడు. బంట్రోతు వాకిట్లోకి పరిగెత్తాడు. మొదట అతను, వెనకాల సగం మంది జనం. అంత కరువు తర్వాత, వాన!

మా అన్న తలెత్తి పెంకుల వైపు చూసి పకపకా నవ్వాడు. "ఇప్పుడు అడగండి దొరా, చెప్తాను" అన్నాడు. ఆ చప్పుడులో గొంతు పెంచి మరీ చెప్పాడు. నా చేతిరాతలో ఉన్న ఏడో పేరా పొల్లు పోకుండా చెప్పాడు.

తక్కిన నలుగురి శిక్ష ఖాయమైంది. మా అన్నను వదిలేశారు. ఇంటికి వచ్చే దారిలో సంగం ఊరు దాటాక బండి బురదలో దిగబడితే ఎంత సంబరమో! ఎన్నాళ్ళకు చూశాం బురద! చక్రానికి భుజం పెట్టి తోస్తూ ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. ఆత్మకూరులో నా భార్య సంగటి పెడితే అన్న ముద్ద మీద ముద్ద లాగించాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"నీకెవురు చెప్పినార్రా?"

"నువ్వే ఎవురికో చెప్పుంటావనుకున్నానే!"

"మొక్కు మీద ఒట్టు. నేను ఎవురికీ చెప్పలా."

పూజారి ఆ పగలు గుడిలో లేడు. ఉన్నది ఇద్దరే.

కోర్టువాళ్ళు ఇచ్చిన పుస్తకం తీసుకుని దానియేలు వాళ్ళమ్మ దగ్గరకు పోయాం. గుంపులో మా అన్న లేకపోయినా, లోపలికి పోలేక ఇద్దరం ఆవిడ వాకిట్లోనే ఆగిపోయాం. ముసలామె మంచం వాల్చి కూర్చోమంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తడిమింది. మా వాడి చివరి మాటలు కాగితంలో ఉన్నాయటగదా, చదవమంది.

నకలు తీసి చదివాను. మా అన్న దానియేలును లోపలికి లాగుదామని లేవబోయాడట. అప్పుడు దానియేలు అన్న మాట అందులో ఇట్లా ఉంది: "లేవబాకయ్యా, దీపం ఆరిపోతాది. వాన నీ ఒక్కడికేనా? నాకూ కావల."

ముసలామె కళ్ళ నిండా నీళ్ళతో ఫక్కున నవ్వింది. "మావోడే! చిన్నప్పటి నుంచీ అంతే నాయనా. ఎవురి పళ్ళెంలో ఏమున్నా, నాకూ కావల అనేవోడు."

మా అన్న ఏడ్చాడు. వెంటనే ఆవిడతో పాటు నవ్వాడు కూడా. బయట ఇంకా చినుకులు పడుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు ఆలోచించినా ఆ పేరా ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. చెయ్యి నాదేనని మాత్రం ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను.

"ఇంకోసారి చదువు నాయనా" అంది ముసలామె. చదివాను.