లక్కే వాదనకు రాలేదు

లక్కే పుట్టిన ఇప్పలగూడెం ఇప్పుడు లేదు. బస్తరు సంస్థానంలో అడవి తిరగబడిన ఏడు, అందరూ భూంకాల్ అని చెప్పుకునే ఏడు, సర్కారు తుపాకుల వాళ్లు వచ్చి ఆ ఊరిని తగలబెట్టారు. లక్కే అప్పటికి పెళ్లీడు పిల్ల. తమ్ముడు ఆయతు చెయ్యి పట్టుకుని వాగులోకి దిగి బతికింది. తల్లి, చెల్లెలు మంగి ఇంట్లోంచి బయటికి రాలేకపోయారు.

తర్వాత ఇద్దరూ శబరి నది ఒడ్డున కుంట అనే ఊరు చేరి, దాని చివర గుడిసె వేసుకున్నారు. అడవిలో చింతపండు, ఇప్పపువ్వు ఏరి సంతలో అమ్ముకుంటూ ఉండగానే లక్కే తల నెరిసింది. ఇంట్లో తమ దోర్ల తెగ మాట దోర్లి, అంగట్లో తెలుగు, సంతలో హల్బీ, జంగిల్ గార్డుతో హిందీ మాట్లాడేది. ఆ రోజు సంగతి మాత్రం ఏ భాషలోనూ తనంతట తాను ఎత్తేది కాదు. ఎవరైనా అడిగితే నాలుగు ముక్కలు చెప్పి లేచిపోయేది.

అలాంటి ఆమెను నలుగురిలో నిలబెట్టింది రామనాథం రాక. నది అవతలి నుంచి వచ్చిన, అడవులు గుత్తకు పట్టే కలప ఠేకేదారు. మాటకారి. నవ్వించగలడు, భయపెట్టగలడు. ఇప్పలగూడెం టేకు మీద అతని కన్ను పడింది. చచ్చిపోయిన వాళ్ల పేరున నాటిన రాళ్లు అక్కడున్నాయి, చెట్లు కొట్టవద్దని దోర్లవాళ్లు తహసీలుకు పోయి మొరపెట్టుకున్నారు. ఆ మరుసటి సంత నుంచి రామనాథం కొత్త పాట ఎత్తుకున్నాడు.

"అక్కడ ఊరూ లేదు, కాల్పులూ లేవు. వీళ్లే తాగి గుడిసెలు తగలబెట్టుకుని, నెపం సర్కారు మీద వేసిన్రు. అబద్ధం వీళ్ల నెత్తురులనే ఉంది. ఇట్లాంటోళ్లను అడవిల ఉండనిస్తే రేపు మన ఇండ్లు కాలుస్తరు."

ఆ మాటలు విని బడిపంతులు బాధపడ్డాడు. మంచివాడే. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే నిజమేదో జనమే తేల్చుకుంటారని నమ్మాడు. దశరథరామయ్య కిరాణా కొట్టు అరుగు అడిగాడు. దశరథరామయ్య కాదనలేదు. ఒకప్పుడు ఆ అరుగు మీదే పత్రిక పైకి చదివినందుకు ఠాణాకు పిలిపించి రోజంతా నిలబెట్టారు ఆయన్ని. అప్పటి నుంచి ఒకరి నోరు మూయించడమంటే ఆయనకు గిట్టదు.

లక్కే వచ్చింది. రాకపోతే ఓడిపోయిందంటారని పంతులు బతిమాలాడు మరి.

సంత సద్దుమణిగాక జనం అరుగు చుట్టూ చేరారు. లక్కే తన నాలుగు ముక్కలూ చెప్పింది. రామనాథం ఎంతో మర్యాదగా అడగడం మొదలుపెట్టాడు.

"వాగుల దాక్కున్ననంటివి గదమ్మా, మరి మీ అమ్మ కాలిపోవుడు ఎట్ల చూసినవు?"

"చూడలే."

"చూడలేదట! వినుండ్రి. పోనీ, మీ అమ్మ బొక్కలేవి? సబూతు ఏంది, సాక్ష్యమేది?"

"వాసన వచ్చింది," అంది లక్కే.

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు ఆ వరస నుంచి ఈ వరసకు పాకింది. పంతులు గొంతు సవరించుకుని, ఎవరి మాట నమ్మేవాళ్లు వాళ్లకు చేతులెత్తమన్నాడు. తన తల్లి చనిపోయిందా లేదా అన్నదానికి ఊరు చేతులెత్తడం లక్కే చూసింది. రామనాథం వైపు లేచిన చేతుల్లో ఆమె చింతపండు కొనే చేతులు చాలా ఉన్నాయి. దశరథరామయ్య చేతులు రెండూ ఒళ్లోనే ఉండిపోయాయి. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటి నుంచి సంతలో వేళాకోళం మొదలైంది. "ఏంది లక్కే, ఈ చింతపండన్నా నిజమేనా?" అనేవారు. రేవు దగ్గర ఎవరో ఆయతును అబద్ధాలోడని పడవ దింపేశారు. ఠేకేదారు మనుషులు ఇప్పలగూడెం రాళ్లు కొన్నిటిని పెకలించి బండి బాటలో గుంతలు పూడ్చారు. ఊరే లేదని జనం తేల్చాక ఆ రాళ్లు ఎవరివైతే ఏం!

వానలు వెనకపట్టాక పంతులు మళ్లీ గుడిసెకు వచ్చాడు. "ఇంకోసారి వాదన పెడదాం లక్కే. ఈసారి ఆయతు కూడా చెప్తడు. రామనాథం దేనికైనా తయారే అంటున్నడు."

"తయారే ఉంటడు అయ్యా. ఆయనకు పోయేదేముంది?" అంది లక్కే, చింతకాయలు కొట్టడం ఆపకుండానే. "నేను పోయినంక ఆయన మాట, నా మాట ఒక్క తక్కెట్ల పడ్డయి. అంతకుముందు అది ఉత్త ఒర్లుడు, ఒట్టి అరుపే. నేను పోయి కూసుంటేనే అదొక వాదమైంది."

"నువ్వు ఊకుంటే అబద్ధమే నిలబడుతది గదా?"

"నిలబడుతదేమో. నాకు తెల్వదు. నాకు శాతనయితలేదు అయ్యా. మా అమ్మ సచ్చిందని ఎన్నిసార్లు గెలవాలె నేను?"

పంతులు దూరంగా పడ్డ చింతకాయ ఒకటి తీసి ఆమె కుప్పలో వేశాడు. లేచి వెళ్లాడు.

దశరథరామయ్య భార్య మంగాదేవికి ఈ సంగతి తెలిసింది. భోజనం వడ్డిస్తూ మొగుణ్ణి అడిగింది.

"మళ్లా మన అరుగేనా?"

"ఒకడు మాట్లాడతానంటే వద్దనడానికి మనమెవరం?"

"నోరు మూయించమని ఎవరన్నరు? నది పొడుగూతా ఒడ్డుంది, పోయి ఒర్లుకోమనండి. ఆమె తల్లిని ఇంకోసారి చంపనీకి మన చాప ఎందుకు పరవాలె?"

మర్నాడు రామనాథం మనిషి వచ్చి అరుగు అడిగితే దశరథరామయ్య, "అతని నోరు అతని ఇష్టం. నా అరుగు నా ఇష్టం. ఇయ్యను" అన్నాడు. ఠేకేదారు కూలీల బియ్యం అప్పటిదాకా ఆ కొట్టు నుంచే పోయేవి. మరుసటి వారం నుంచి వేరే కొట్టుకు మళ్లాయి.

రామనాథం రేవు దగ్గర ఉపన్యాసం పెట్టాడు. జనం తక్కువేమీ రాలేదు. కానీ ఎదురుగా జవాబు చెప్పే మనిషి లేక, ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పాల్సి వచ్చింది. పొద్దు వాలేసరికి కొందరు లేచి పడవ ఎక్కారు, కొందరు చివరిదాకా చప్పట్లు కొట్టారు. టేకు సగం కొట్టేశాక అతను ఇంకో అడవి వెతుక్కుంటూ పోయాడు. అతనన్న మాట మాత్రం కుంటలోనే ఉండిపోయింది. ఇప్పలగూడెం గురించి రెండు కథలున్నాయని ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

ఒక మధ్యాహ్నం మంగాదేవి గుడిసెకు వచ్చి లక్కే పక్కన కూర్చుని చింతగింజలు ఏరసాగింది. కాసేపటికి అడిగింది:

"మీ చెల్లె ఎట్లుండేది లక్కే?"

ఎట్లా చచ్చిందని అడిగినవాళ్లేగాని ఈ మాట అడిగినవాళ్లు లేరు. లక్కే చేతులు ఆగాయి.

"మా మంగి సంగతా? ఒట్టి తిండిపోతు. తునికిపండ్లు నాకు మిగల్చకపోయేది. పిట్ట కూస్తే అట్లనే కూసేది. పిట్ట మళ్లా జవాబిచ్చేది. మా అమ్మ తిట్టేది, పిట్టలతోని కొట్లాట ఏందే అని..."

ఎండ వాకిట్లోంచి గోడ మీదికి జరిగేదాకా చెబుతూనే ఉంది. ఏడవలేదు. చెప్పడం అయ్యాక ఒళ్లంతా బరువుగా ఉందని, కాస్త ఒరుగుతానని అంది. మంగాదేవి మిగిలిన గింజలు తానే ఏరి, బుట్టలో పోసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.