కొలతల యాప్‌కు నెల చందా

మా వీధి చివర ఒకామె బ్లౌజులు కుడుతుంది. నేను ఆమెను టైలరక్క అంటాను. పాప పుట్టాక పాత జాకెట్లేవీ పట్టక ఆమె దగ్గరికి వెళ్తే, నా కొలతలు తీసుకుంది. వారం తిరక్కుండానే అవి ఎక్కడ రాసుకుందో మరిచిపోయి, టేపు మెడలో వేసుకుని మా ఇంటికే వచ్చేసింది.

"ఏటనుకోకే, మరోపాలి నిల్సో" అని నవ్వింది.

ఆమె కోసం ఒక చిన్న వెబ్ యాప్ తయారుచేశాను. ఫోన్‌లో పేరు కొడితే ఆ మనిషి కొలతలు వస్తాయి. బట్ట ఎప్పటికి ఇస్తామన్నామో ముందురోజు గుర్తుచేస్తుంది. కుట్టడం అయిందని ఒక బటన్ నొక్కితే అవతలి వాళ్ళకు మెసేజ్ వెళ్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

నేను ఎచ్చెర్లలో ఎంసీఏ చదివాను. పెళ్ళయ్యాక కొత్తవలస వచ్చాను. మా ఆయన నాకు వరసకే కాదు, నిజంగానే మేనబావ. అత్త అంటే నాన్నకు సొంత చెల్లెలు. అందుకని మా ఇంట్లో మాటకు మొహమాటం లేదు, తిట్టుకైనా సరే. బావ గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. షిఫ్టును బట్టి రైలు, రైలును బట్టి మా వంట.

టైలరక్క యాప్ సంగతి గరివిడిలో ఉన్న తన చెల్లెలికి చెప్పింది. చెల్లెలు విజయనగరంలో లైనింగు గుడ్డ కొనే కొట్టు దగ్గర కలిసిన వాళ్ళకు చెప్పింది. చూస్తుండగానే టైలర్లకు ఒక వాట్సాప్ గ్రూపు, అందులో నేను. చేతి పొడవు రాసుకునే చోటు చాలడం లేదని ఒకరు, అక్షరాలు పెద్దవి చెయ్యమని ఒకరు. పాపను ఒళ్ళో పెట్టుకుని ఏడాది పైనే అలా సర్దుతూ వచ్చాను. ఎవరినీ డబ్బు అడగలేదు.

ఈ మధ్య రెండు కబుర్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. యాప్ నడిచే సర్వర్‌కు ఇకనుంచి డబ్బు కట్టాలన్నారు. విశాఖలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని, సోమవారానికల్లా జవాబు చెప్పమని రాసింది. ఉద్యోగం చెడ్డదేం కాదు. కానీ పాప లేవకముందే రైలెక్కాలి, తిరిగొచ్చేసరికి అది నిద్రపోయి ఉంటుంది. దాని మెలకువంతా నేను లేనప్పుడే. బావ, అత్త, నేను కూర్చుని అనుకున్నాం: టైలర్లు నెలనెలా చందా కడితే, సర్వర్ ఖర్చు పోను ఇంట్లోకి కొంతైనా మిగిలితే, యాప్ మీదే ఉంటాను. కట్టకపోతే సోమవారం కంపెనీకి సరే అంటాను.

చందా పద్ధతి పెట్టడం నేను అనుకున్నంత సులువు కాలేదు. ఆటోపే అంటే తెలిసిందే. వాడేవాళ్ళు మొదటిసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, తర్వాత నెలనెలా దానంతటదే కట్ అవుతుంది. డబ్బు అందగానే మధ్యలో ఉండే పేమెంట్ కంపెనీ నా సర్వర్‌కు ఒక కబురు పంపుతుంది. అది చూసి యాప్ వాళ్ళ నెలను పొడిగించాలి. చిక్కేమిటంటే, అదే కబురు ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది. డబ్బు రాకపోతే ఎలా అన్న భయం కన్నా, ఎవరో ఒకావిడ ఒకసారి కట్టింది రెండుసార్లు లెక్కలో పడితే ఎలా అన్న భయమే నాకు ఎక్కువ. పాపకు జ్వరం వచ్చినప్పుడు మందు పోశానో లేదో అనుమానం రాకుండా సీసా మీద పెన్నుతో గీత పెట్టుకునేదాన్ని. ఇక్కడా అదే చేశాను. వచ్చిన ప్రతి కబురు నంబరూ దాచుకుని, గీత పడిన నంబరు మళ్ళీ వస్తే పట్టించుకోవద్దని రాశాను. చందా ఆగిపోయిన వాళ్ళ కొలతలు తుడవకూడదని కూడా రాశాను. కొత్తవి ఎక్కించుకోలేరు గాని, ఉన్నవి చూసుకోవచ్చు. ఇంకొకరి ఒంటి కొలతలు తాకట్టు పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

గురువారం సాయంత్రం బావ ఫోన్ తీసుకుని నిజం డబ్బుతో ఒక్క రూపాయి కట్టించాను. నా లాప్‌టాప్ మీద 'అందింది' అని పచ్చగా వెలగగానే గంతేశాను.

"నా కాడ తీసిన రూపాయి నాకే సూపించి గంతులేత్తన్నావేటే?" అన్నాడు బావ. "ఇంకో రూపాయి ఇత్తాను, మళ్ళీ గెంతు."

పాప కూడా గెంతింది, ఎందుకో తెలియకపోయినా.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గర అత్త కలగజేసుకుంది. "రేపు సుక్కురారం. మంచి రోజు. మొదలెట్టీ." నాకూ అదే మంచిదనిపించింది. పొద్దున్నే అత్త దేవుడి గదిలోంచి వచ్చి లాప్‌టాప్ మూతకు కుంకుమ బొట్టు పెట్టింది. నేను గ్రూపులో మెసేజ్ పెట్టాను: ఇకనుంచి నెల చందా ఉంటుంది, ఒక బ్లౌజు కుట్టుకూలిలో సగం కూడా కాదు, ఇష్టమైన వాళ్ళు ఈ లింకు నొక్కండి.

నమస్కారాలు వరసగా వచ్చాయి. రెండు చేతులు జోడించిన బొమ్మలు. ఒకరిద్దరు పువ్వులు కూడా పంపారు. డబ్బు మాత్రం ఒక్కరి దగ్గర నుంచీ రాలేదు.

టిఫిన్ల వేళ దాటింది. పేజీ తెరిచిన వాళ్ళున్నారు, లోపలికి వెళ్ళి మొత్తం చూసి వెనక్కి వచ్చేసిన వాళ్ళున్నారు, పిన్ కొట్టిన వాళ్ళు లేరు. పేజీ పాడైందేమోనని నా ఫోన్ నుంచి చూశాను. బాగానే ఉంది. ధర ఎక్కువైందేమో. ఊరికే ఇచ్చినన్నాళ్ళూ బాగుంది, అంతేనేమో. పాపకు అన్నం పెడుతూ చూశాను, నిద్రపుచ్చుతూ చూశాను. గ్రూపులో మరో దండం తప్ప ఏమీ లేదు. దండం పెట్టి పొమ్మంటున్నారని అనిపించింది. బావ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి "వచ్చినాయా?" అంటే "లేదు" అన్నాను. సాయంత్రానికి కంపెనీకి జవాబు టైపు చేశాను, చేరతానని. పంపడం ఒక్కటే మిగిలింది.

దీపాల వేళకు పాలు పోసే పిన్ని వచ్చింది. చెంబులో పాలు పోసి, నెల డబ్బులు ఇమ్మంది.

ఆలోచించకుండానే అనేశాను. "ఇయాల సుక్కురారం కదా పిన్నీ, రేప్పొద్దున్నే ఇచ్చెత్తాను."

"అవునే తల్లీ, నానే మర్సిపోనాను. ఈ రోజు అడక్కూడదు" అని ఆవిడ లెంపలేసుకుని వెళ్ళిపోయింది.

పాల చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను. శుక్రవారం మేం కూరగాయలు కొంటాం, బస్సు టికెట్ కొంటాం. కానీ నెలవారీగా ఇవ్వాల్సింది శుక్రవారం ఇంట్లోంచి తియ్యం. లక్ష్మి గడప దాటకూడదు. మా ఇంట్లోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ తియ్యరు. అలాంటి రోజున, బొట్టు పెట్టి మరీ, నేను అందరినీ నెల చందా అడిగాను. నవ్వు ఆగలేదు.

అత్త వంటింట్లోంచి వచ్చింది. "ఒక్కద్దానివే నవ్వుతన్నావేటే? ఆ పెట్టి గాని పిచ్చెక్కించినాదేటి?"

"మంచి రోజని నువ్వే కదా అన్నావు అత్తా! సుక్కురారం ఎవలు డబ్బులు కడతారు?"

"ఓలమ్మ!" అని అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. అంతలోనే తేరుకుంది. "మొదలెట్టడానికి మంచి రోజే. డబ్బులు లాగమని నానన్నానేటి?"

టైలరక్కకు ఫోన్ చేశాను. "మరి ఒక్క ముక్క సెప్పొచ్చు కదక్కా! పొద్దున్నుంచి సచ్చిపోతన్నాను."

"దండం ఎట్టేను కదే! అంటే రేపు కడతాననే కదా!" అంది ఆమె, నాకు ఇంత కూడా తెలియదా అన్నట్టు.

శనివారం పాపకు పళ్ళు తోముతుండగా ఫోన్ టింగుమంది. టైలరక్క. పాప నోట్లో నురగతో నా వైపు చూస్తుండగా ఇంకోటి. గరివిడి చెల్లెలు. మధ్యాహ్నం వరకు ఆ చప్పుడు వింటూనే ఉన్నాం. అత్త ప్రతిసారీ వంటింట్లోంచి "ఎవలే?" అని అడిగేది. విజయనగరం నుంచి ఒకామె డబ్బుకు బదులు ఫోన్ చేసింది.

"నా ఫోన్‌పే మా ఆయన నంబరు మీదున్నాది. ఆయన లారీ మీదెళ్ళేడు, మంగళారం వస్తాడు. నా కొలతలు తుడిసీకు తల్లీ!"

"తుడవనక్కా. ఎప్పుడు కట్టినా, కట్టకపోయినా అవి మీవే" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే ధైర్యం వచ్చింది.

అందరూ కట్టలేదు. కొందరు గ్రూపులోంచి మాట లేకుండా వెళ్ళిపోయారు. అయినా సగానికి పైగా ఉన్నారు. సర్వర్ ఖర్చు పోను ఇంట్లోకి కాస్త మిగులుతుంది. జీతమంత కాదు. "ఒక యేడాది సూద్దాం. తగ్గితే అప్పుడు రైలెక్కుదువులే, రైలెక్కడికీ పోదు" అన్నాడు బావ. ఆదివారం కంపెనీకి టైపు చేసి ఉంచిన జవాబు చెరిపేసి, ఇప్పుడు రాలేనని, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని రాసి పంపాను. వచ్చే నెల ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేచి వెళ్ళి ఒకసారి పాపను, ఒకసారి సర్వర్‌ను చూసి వచ్చాను. రెండూ బాగానే ఉన్నాయి.

ఆటోపే తేదీని చూస్తుంది గాని వారాన్ని చూడదు. కొన్ని నెలల్లో కట్టాల్సిన తేదీ శుక్రవారం పడుతుంది. అందుకని ఈ రోజు పొద్దున ఇంకో నియమం రాశాను: శుక్రవారమైతే మర్నాటికి జరపాలి. పరీక్షించి చూస్తే చక్కగా జరిగింది. అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, గొప్పగా చూపించాను.

అత్త కళ్ళజోడు సర్దుకుని, తెర మీద శుక్రవారం నుంచి శనివారానికి జరిగిన తేదీని చూసింది.

"బాగున్నాది" అంది. "మరి మంగళారమో?"

మూయబోతున్న లాప్‌టాప్‌ను మళ్ళీ తెరిచాను.